ఊదుగొట్టం

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో
తొమ్మిదో నంబరు గది ముందు బల్ల మీద
రెండు ఎక్స్‌రేలు ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను.

ఒకటి సాయవ్వది, మా నాయనమ్మది.
మట్టిరంగు కవరు, మీద పెన్సిలుతో: 71, స్త్రీ.
రెండోది నా లాప్‌టాప్‌లో ఉంది.
ముప్పై కోట్ల కాంతి సంవత్సరాల అవతల
వేడి గాలిలో నానుతున్న వెయ్యి గెలాక్సీల గుంపు.

డాక్టరు సాయవ్వ ఫిల్ముని కిటికీ వెలుగుకి ఎత్తాడు.
ఇవిగో, ఈ నల్లటివి గాలి బుడగలు, అన్నాడు.
నాకు నవ్వొచ్చింది, రాకూడని చోట.
రెండేళ్ళుగా నేను వెతికేవీ అవే.

బ్లాక్ హోల్ అంటే అందరికీ నోరే గుర్తు.
మింగుతుంది మింగుతుంది అంటారు బడిపిల్లలు కూడా.
మింగేది కొంచెం.
మింగడానికి ముందే చాలా మటుకు
రెండు పక్కలకీ ఊదేస్తుంది.
ఆ గుంపులో గాలి ఎప్పుడో చల్లారాలి,
లెక్క ప్రకారం చల్లారి తీరాలి.
చల్లారదు.
నడుమ కూచుని ఎవరో పొయ్యి ఊదుతున్నారు.

యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో
ఇరవై ఎనిమిదేళ్ళు సాయవ్వ చేసిన పని అదే.
మూడు వందల కంచాలు, పచ్చి తుమ్మకట్టె,
వానాకాలమైతే చివర నీళ్ళు కక్కే కట్టె,
పెదవి ఆనే చోట నున్నగా అరిగిన ఇనప గొట్టం.
గ్యాసు వచ్చిన ఏడు ఆమెని ఇంటికి పంపారు.
గొట్టం తెచ్చుకుంది. అడిగితే ఇచ్చారట.
ఆ మెస్సు వెనక గోడకి ఎదురుగానే ఇప్పుడు నా గది,
రెండో అంతస్తు, పావురాల రెట్ట, పనిచేయని ఏసీ.

నవంబరులో మూడో బుడగ దొరికింది.
రాత్రి రెండింటికి మిన్హాజ్ సార్‌కి మెసేజ్ పెట్టాను.
జనవరిలో తేలింది, అది బుడగ కాదు,
కెమెరాలో చచ్చిపోయిన ఒక గీత.
సార్ ఏమీ అనలేదు.
తన బిస్కెట్టు విరిచి సగం నా సాసర్లో పెట్టాడు.
రెండు మిగిలాయి. అవి నిజమే.
బుడగ కొలత తెలిస్తే చాలు,
దానికెంత ఊపిరి పట్టిందో కట్టొచ్చు:
పీడనం, ఘనపరిమాణం, ముందొక నాలుగు.
సున్నాలు పేజీ అంచు దాటతాయి.
తప్పు ముప్పై శాతం, అటో ఇటో.

లోపల టెక్నీషియన్ పిల్ల
సాయవ్వ చేతికి అట్టగొట్టం ఇచ్చింది.
"గిది మన గొట్టం లెక్కనే ఉన్నదే," అంది అవ్వ.
ఊదమ్మా, ఊదు ఊదు ఊదు ఊదు, ఇంకా ఇంకా,
పక్క గదివాళ్ళు కూడా తొంగి చూసేంత అరుపు.
తెర మీద గీత కాస్త లేచి
పడుకుంది.
ముప్పై ఎనిమిది శాతం, ఉండాల్సిన దాంట్లో.
ఈ అంకెకి అటో ఇటో లేదు.

మెట్రోలో సీటు దొరికింది. లాప్‌టాప్ తెరిచాను.
"నడుమలున్నదేనా ఊదేది?"
"ఔ."
"ఎన్నేండ్ల సంది?"
"మస్తు. కోట్ల ఏండ్లు."
"దమ్ము రాదా దానికి?"
దీనికి నా దగ్గర సమీకరణం లేదు.
"మరి ఆపితె ఏమైతది?"
"సల్లారుతది అవ్వా. సల్లారి, ఆ గాలంత చుక్కలైతది."

వేలు తెర మీద పెట్టింది,
సరిగ్గా నడుమ, అక్కడ మచ్చ పడింది.
"చుక్కలు పుడ్తయంటే ఇంక ఊదుడెందుకే?
జర ఆగుమనరాదు."

అమీర్‌పేటలో రైలు మారాలి.
ఎస్కలేటర్ నడవడం లేదు.
ముప్పై రెండు మెట్లు.
నాలుగు సార్లు ఆగాం.